బొమ్మలకు వేరే ఇల్లు కట్టండి

తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ



హైదరాబాద్‌లో పాత భవనం ఏదైనా కూలకుండా గట్టెక్కిన ప్రతిసారీ, దాని వెనకే ఒక ప్రశ్న బయల్దేరుతుంది. సరే, బాగుచేశాం, ఇప్పుడిందులో ఏం పెట్టాలి? జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒక్కటే: మ్యూజియమో, ఆర్ట్ గ్యాలరీయో పెడదాం. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ ఏళ్ల తరబడి సాగిన మరమ్మతుల తర్వాత మళ్లీ తలెత్తుకుని నిలబడింది. మరోపక్క ఆధునిక చిత్రకళకంటూ ఈ నగరంలో పెద్ద ప్రభుత్వ మ్యూజియం లేదన్న లోటు అలాగే ఉండిపోయింది. ఒకచోట పెద్ద పెద్ద హాళ్లున్న భవనం, మరోచోట గోడలు దొరకని బొమ్మలు. రెండింటినీ కలిపేస్తే ఒక్క ఫైలుతో రెండు పనులూ అయిపోతాయన్న ఆలోచన ఏ అధికారికైనా రావచ్చు. ఈ లేఖ ఏ జీవోకూ జవాబు కాదు. అలాంటి జీవో టైపవడానికి ముందే చెప్పవలసిన మాట.

ఆ మాట సూటిగా ఇది. రెసిడెన్సీని ఇల్లుగానే ఉంచి, ఇల్లుగానే జనానికి చూపించండి. ఆధునిక కళకు వేరే భవనం కట్టండి. రెండింటికీ ఒకేసారి డబ్బు చాలదంటే ముందు ఇంటి సంరక్షణకు, బొమ్మల సేకరణకు ఖర్చు పెట్టి, మ్యూజియం భవనాన్ని కొంతకాలం ఆపండి. ఒకదాని ఖర్చు మిగులుతుందని రెండోదాన్ని దాని నెత్తిన రుద్దితే రెండూ దెబ్బతింటాయి.

ఈ ఇల్లు ఎందుకంత ప్రత్యేకమో ముందు చెప్పుకోవాలి. దీన్ని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంట్. ఫ్రెంచి అధికారుల చేతి కింద ఉన్న నిజాం దళాన్ని రద్దు చేయించి హైదరాబాద్‌ను కంపెనీ నీడలోకి లాగిన 1798 ఒప్పందం ఆయన కుదిర్చిందే. అదే మనిషి హైదరాబాదీ కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను ఇస్లాం స్వీకరించి మరీ పెళ్లాడాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. 1805లో పిల్లల్ని ఇంగ్లండుకు పంపేశారు. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. రాజకీయంగా నిజాం మెడకు ఉచ్చు బిగించినవాడే ఇంట్లో ఇక్కడి దుస్తులు కట్టుకుని, ఇక్కడి మాట మాట్లాడిన ఈ వైరుధ్యమే రెసిడెన్సీ పునాది.

1803 ప్రాంతంలో పని మొదలైంది. మద్రాస్ ఇంజినీర్స్‌కు చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు. డబ్బు మాత్రం నిజాంది. ముందువైపు ఆరు కొరింథియన్ స్తంభాలు, వాటి కింద విశాలమైన మెట్లు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, పైన త్రికోణపు నుదుటి మీద కంపెనీ రాజముద్ర. లోపల రెండంతస్తుల ఎత్తున దర్బార్ హాలు. వెనకవైపు ఖైరున్నీసా కోసం కట్టించిన రంగ్ మహల్‌ను 1860లో పడగొట్టారు. దాని ద్వారం, రెసిడెన్సీకి చేయించిన చిన్న నమూనా భవనం మాత్రం మిగిలాయి. పరదా చాటున ఉన్న భార్యకు ముందువైపు భవనం ఎలా ఉంటుందో చూపించడానికే ఆ బుల్లి మేడను కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు.

ఈ భవనానికి స్థలం ఎలా దొరికిందో కంపెనీ అధికారి జాన్ మాల్కం ఒక కథ రాసిపెట్టాడు. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద పటం గీయించి నిజాం ముందు పెడితే ఆయన ససేమిరా అన్నాడట. అదే పటాన్ని చిన్న కార్డు మీద గీయించి మళ్లీ చూపితే, దానికేం భాగ్యం, తీసుకోమన్నాడట. నిజమెంతో, కల్పనెంతో గానీ సచివాలయంలో ఫైళ్లు చూసేవారందరికీ పనికొచ్చే కథ. ‘అనువైన స్వల్ప మార్పులు’ అన్న ఒక్క పంక్తి ప్రాజెక్టు నివేదికలో కార్డు ముక్కంత కనిపిస్తుంది. భవనం మీదికి వచ్చేసరికి అది గోడల్ని తొలిచే డ్రిల్లు, కిటికీల్ని మూసే ప్లైవుడ్డు, కప్పు కింద వేలాడే ఏసీ గొట్టమూ అవుతుంది.

రెసిడెన్సీ చరిత్ర కిర్క్‌పాట్రిక్ ప్రేమకథతో ఆగిపోలేదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం ఈ ప్రాంగణం మీదికే దండెత్తారు. మౌల్వీని అండమాన్ పంపారు, తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత పట్టి చంపారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మహిళా కళాశాల ఈ భవనంలోకి వచ్చింది. రెసిడెంట్లు సలాములు అందుకున్న హాళ్లలో తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు దశాబ్దాల పాటు పాఠాలు విన్నారు. కళాశాల విశ్వవిద్యాలయంగా మారి, 2024లో వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. దొరల గడీలతో తలపడిన పాలకుర్తి ఐలమ్మ పేరున్న కార్డు మెడలో వేసుకుని, కంపెనీ రాజముద్ర ముందు నుంచి విద్యార్థినులు నడిచిపోయే చోటు దేశంలో ఇంకొకటి ఉందా?

అందుకే ఈ భవనంలో గదులే ప్రదర్శన. సింహాల నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి దర్బార్ హాలు దాకా, అక్కడి నుంచి రంగ్ మహల్ ద్వారం దాకా నడిస్తే రెండు వందల ఏళ్ల దక్కన్ రాజకీయం కాళ్ల కిందే తెలుస్తుంది. ఆ దారిలో ప్రతి పది అడుగులకూ ఒక తెల్ల బోర్డు నిలబెట్టి, దాని మీద ఎంత గొప్ప కాన్వాస్ తగిలించినా ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. బొమ్మ కోసం వచ్చినవాడు కప్పు వంక చూస్తాడు, ఇల్లు చూడ్డానికి వచ్చినవాడికి గోడ కనిపించదు.

ఇక సాంకేతిక విషయాలు. వీటిని శాఖలో ఎవరైనా పరిశీలించి చూడవచ్చు.

ఆ కాలపు ఇంటిని కిటికీల కోసం కట్టారు. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపుకు పోవాలి, వెలుతురు లోపలి దాకా పడాలి, వేడి పైకప్పు దగ్గరికి లేచిపోవాలి. చిత్రకళ మ్యూజియం కావాలంటే ఇదంతా తలకిందులు చేయాలి. వెలుతురును కట్టడి చేయాలి, గాలిని బంధించాలి, కిటికీల స్థానంలో గోడలు రావాలి. కాగితం మీద వేసిన నీటిరంగులకు, ఎచింగులకు 50 లక్స్‌కు మించిన వెలుతురు తగలకూడదన్నది మ్యూజియాలు పాటించే నియమం. తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ దాకా ఫరవాలేదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వెలుతురు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ గీసిన సన్నటి గీతల ఎచింగును ఆ కిటికీ ఎదురుగా కొన్నేళ్లు ఉంచితే కాగితం పసుపెక్కుతుంది. కాగితాన్ని కాపాడాలని కిటికీలకు బోర్డులు కొడితే ఇల్లు గుడ్డిదవుతుంది.

తేమది మరో సమస్య. సున్నపు గోడలు చెమ్మను పీల్చుకుని, మళ్లీ గాలిలోకి వదిలేస్తాయి. ఇటుకలు, డంగు సున్నంతో కట్టిన భవనాలు రెండు శతాబ్దాలు నిలబడటానికి ఆ గుణమూ ఒక కారణం. చిత్రాలకేమో ఏడాది పొడవునా ఒకే స్థాయి తేమ, ఒకే స్థాయి చల్లదనం కావాలి. దానికి రాత్రింబవళ్లు ఏసీ నడవాలి. వానాకాలంలో బయటి తడిగాలి లోపలి చల్లటి గోడకు తగిలిన చోటల్లా నీరు పడుతుంది. గోడ ఉబ్బి, సున్నం పొరలుగా రాలుతుంది. రాలిన చోట త్వరగా పూడ్చాలని ఎవరో సిమెంటు పూస్తారు. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు కాబట్టి లోపలి ఇటుక కుళ్లుతుంది. పాత భవనాల మరమ్మతు తెలిసిన మేస్త్రీలందరికీ ఈ వరస కంఠతా వచ్చు.

ఇక నిప్పు. బ్రెజిల్ జాతీయ మ్యూజియం రియో డి జనీరోలో పోర్చుగీసు రాజకుటుంబం, ఆ తర్వాత చక్రవర్తులు నివసించిన పాత రాజభవనంలో ఉండేది. 2018 సెప్టెంబరు 2 రాత్రి అది తగలబడింది. సుమారు 2 కోట్ల వస్తువుల సేకరణలో అత్యధిక భాగం, దాంతోపాటు రాజభవనం లోపలి భాగమంతా ఒక్క రాత్రిలో పోయాయి. కింది అంతస్తు ఆడిటోరియంలోని ఏసీ యంత్రం దగ్గర మంట పుట్టిందని పోలీసు దర్యాప్తు తేల్చింది. పాత చెక్కకూ కొత్త కరెంటు తీగకూ పొత్తు కుదరని చోట ఇల్లూ సేకరణా కలిసే పోతాయి. అంత దూరం వెళ్లనక్కర్లేదు, 2022 సంక్రాంతి రోజుల్లో సికింద్రాబాద్ క్లబ్బు పాత భవనం ఎలా కాలిపోయిందో నగరమంతా చూసింది.

ఇంటికీ మ్యూజియానికీ మధ్య ఈ చిక్కుముడి హైదరాబాద్‌కు కొత్త కాదు. రెసిడెన్సీ నుంచి మూసీ దాటి కాస్త దూరం వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో పెళ్లి కాకుండానే చనిపోయాక, ఆయన పోగుచేసిన సంపదతో 1951 డిసెంబరు 16న ఆయన నివాసం దివాన్ దేవ్డీలోనే మ్యూజియం తెరిచారు. నెహ్రూ వచ్చి ప్రారంభించారు. యజమాని వస్తువులు యజమాని ఇంట్లోనే, అంతకంటే సహజమైన ఏర్పాటు ఉండదనిపించింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అంత పెద్ద సేకరణకు ఆ ఇల్లు సరిపడదని తేలింది. 1968లో వస్తువులన్నీ నది ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలిపోయాయి.

ఆ తరలింపు మంచి నిర్ణయమే. 1876 నాటి బెన్జోనీ శిల్పం ‘ముసుగు రెబెక్కా’ ముందు, గంటలు కొట్టే గడియారం ముందు ఇవాళ అంతమంది గుమిగూడగలుగుతున్నారంటే విశాలమైన ఆ భవనమే కారణం. మరి ఇంటి సంగతి? వస్తువులు వెళ్లిపోయాక దాని మొహం చూసినవారు లేరు. దివాన్ దేవ్డీ చాలావరకు నేలమట్టమైంది, కొన్ని ద్వారాలు మిగిలాయి. ఇప్పుడు ఆ పేరు చెబితే హోల్‌సేల్ బట్టల దుకాణాలు గుర్తొస్తాయి. లోపల పెట్టిన వస్తువుల పేరు మీద మాత్రమే బతికిన ఇల్లు, ఆ వస్తువులు కదిలిన రోజు అనాథ అయింది. రెసిడెన్సీకి ఆ గతి పట్టకూడదంటే దానికి తనదైన హోదా ఉండాలి. ఎవరి బొమ్మలు వచ్చినా, పోయినా చెక్కుచెదరని హోదా.

‘పాత భవనాల్లో ఆధునిక కళ మ్యూజియాలు దేశంలో ఎన్నో నడుస్తున్నాయి కదా’ అని మీ అధికారులు అడగవచ్చు. నిజమే. జాతీయ ఆధునిక కళా మందిరం శాఖలు మూడూ పాత భవనాల్లోనే మొదలయ్యాయి. వాటి చరిత్ర దగ్గరగా చూస్తే మాత్రం ఈ లేఖ వాదానికే బలం చేకూరుతుంది.

ఢిల్లీలో 1954 మార్చి 29న జైపూర్ హౌస్‌లో మందిరం తెరిచారు. సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకున్న ఆ భవనం 1936 నాటిది, మహారాజు విడిది. సేకరణ 17,000 దాటేసరికి ఆ గదులు ఏ మూలకూ చాలలేదు. చివరికి 2009లో అదే ఆవరణలో, పాత భవనానికి ఎన్నో రెట్లు పెద్దదైన కొత్త విభాగం తెరవాల్సి వచ్చింది. బెంగళూరులో అదే 2009లో ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు మాన్షన్‌లో శాఖ ప్రారంభమైంది. అక్కడ మొదటి రోజు నుంచే వెనక కొత్త కట్టడం ఉంది. చెట్ల మధ్య పాత మేడ తన పాటికి తాను హుందాగా కనిపిస్తుందంటే ఆ కొత్త కట్టడం బరువు మోస్తోంది కాబట్టే.

ముంబై కథ వేరు. అక్కడ జార్జ్ విట్టెట్ రూపకల్పన చేసిన 1911 నాటి కావస్‌జీ జహంగీర్ హాలును తీసుకున్నారు. ఒకప్పుడు సంగీత కచేరీలు, సభలు జరిగిన ఒకే పెద్ద హాలది. 1996లో మందిరంగా తెరిచేటప్పటికి లోపలంతా అంచెలంచెల గ్యాలరీలుగా మారిపోయింది. బయటి గోడలు పాతవి, లోపలి ప్రపంచం పూర్తిగా కొత్తది. పని నైపుణ్యంతో చేసిందే. అయితే ఆ హాలు ఎలా ఉండేదో ఇప్పుడు లోపలికి వెళ్లి తెలుసుకునే వీలు లేదు. రెసిడెన్సీ దర్బార్ హాలుకు ఆ మాదిరి శస్త్రచికిత్స చేయడానికి ఎవరికి చేతులొస్తాయి?

పాత ఇల్లూ మ్యూజియమూ చక్కగా కలిసిపోయిన చోట్లు లేకపోలేదు. విశాఖ బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో 1991 నుంచి విశాఖ మ్యూజియం నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వేసిన బాంబు గుల్ల అక్కడ జనం తప్పక చూసే వస్తువు. సముద్రం మీది నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇల్లు, సముద్రం మీది నుంచి వచ్చిన యుద్ధపు గుర్తు. రెండూ ఒకే రేవు కథ చెబుతాయి. విజయవాడలో 1887లో రాబర్ట్ సూయెల్ పునాది వేసిన విక్టోరియా జూబిలీ భవనం, పింగళి వెంకయ్య 1921లో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన ఘట్టంతో ముడిపడిన చోటు. ఇప్పుడది బాపు మ్యూజియంలో భాగం, పక్కనే కొత్త భవనం కూడా ఉంది. ఇంటికీ అందులోని వస్తువులకూ చుట్టరికం ఉన్నప్పుడు ఒకటి రెండోదానికి సాక్ష్యమవుతుంది. రెసిడెన్సీలో కంపెనీ కాలపు పటాలు, ఒప్పంద పత్రాల ప్రతులు, 1857 నాటి ఆధారాలు, మహిళా కళాశాల పాత ఫొటోలు పెట్టండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. చిత్రకారుడు తోట వైకుంఠం ఎర్రబొట్టు స్త్రీలకు ఆ ఇంటితో అలాంటి బంధం లేదు. వారికి కావలసింది వెలుతురు అదుపులో ఉన్న తెల్లటి గోడ.

అలా అని కొత్త మ్యూజియం కట్టాలన్నంత మాత్రాన గొప్పలకు పోవాలని కాదు. కోల్‌కతా అనుభవం చూడండి. న్యూటౌన్‌లో 10 ఎకరాల్లో ఆధునిక కళా మ్యూజియం కడతామని, స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రపంచ ప్రసిద్ధ వాస్తుశిల్పులు హెర్జోగ్, డి మ్యూరాన్‌లతో నమూనా గీయించి, 2013 నవంబరులో శంకుస్థాపన చేశారు. భవనం లేవలేదు. అదే నగరంలో 1833 నాటి పాత కరెన్సీ భవనాన్ని బాగుచేసి 2020 జనవరిలో బెంగాల్ చిత్రకళ మీద పెద్ద ప్రదర్శన తెరిచారు. ఆ ప్రదర్శన కూడా ఎక్కువ కాలం అక్కడ నిలవలేదు.

పాట్నాది ఇంకో పాఠం. అక్కడ జపాన్ వాస్తుశిల్పి ఫుమిహికో మాకీ సంస్థ రూపొందించిన బీహార్ మ్యూజియం 2017లో పూర్తిగా తెరుచుకుంది. దేశంలో ఈ మధ్య వచ్చిన ప్రభుత్వ మ్యూజియాల్లో అంత శ్రద్ధగా కట్టింది అరుదు. అయితే 1764కు ముందటి వస్తువులన్నీ కొత్తదానికే అని గీత గీశారు. దాంతో బ్రిటిష్ కాలపు పాత పాట్నా మ్యూజియం తన ఆణిముత్యం దీదార్‌గంజ్ యక్షిని పోగొట్టుకుంది, పాట్నావాసులు చాలామంది నొచ్చుకున్నారు. ఆ తర్వాత 2022లో, రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’ చిత్రంలో కనిపించిన డచ్చి కాలపు కలెక్టరేట్‌ను కూల్చివేశారు. కాపాడాలని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం లేకపోయింది. కొత్తది కట్టడంలో అంత నేర్పు చూపిన నగరం పాతదాన్ని నిలుపుకోవడంలో తడబడింది.

మన రాష్ట్రమూ అలాంటి అంచు దాకా వెళ్లి వచ్చిందే. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరు 16న హైకోర్టు కొట్టేసింది. కోర్టు అడ్డుకుంటే తప్ప ఆగని పరిస్థితి మళ్లీ రాకుండా చూడటం మీ శాఖ చేతుల్లో ఉంది.

ఇక్కడ ఇంకో అభ్యంతరాన్ని దాటవేయకూడదు. పరాయి పాలకుడి బంగళాకు ఇంత ముద్దు ఎందుకు, ఆ డబ్బు మన చిత్రకారులకు పెడితే పోదా అని అడిగేవారు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. ఆ ఇంటికి డబ్బు ఇచ్చింది హైదరాబాద్ ఖజానా. సున్నం నూరినది, స్తంభాలకు అద్దంలాంటి మెరుపు తెచ్చింది ఇక్కడి చేతులు. దాని మీద దండెత్తింది ఇక్కడి జనం, దాన్ని చదువుల ఇల్లుగా మార్చుకున్నది ఇక్కడి ఆడపిల్లలు. కంపెనీ ఆ ఇంట్లో ఉన్న కాలం కంటే ఆ ఇల్లు మనతో ఉన్న కాలమే ఇప్పటికి ఎక్కువ. పైగా పాలన ఎలా సాగిందో, ఒక సంతకంతో రాజ్యం ఎలా లొంగిపోయిందో పిల్లలకు చెప్పాలంటే ఆ సంతకం చేయించినవాడు కట్టించిన ఇంటి కంటే మంచి తరగతి గది దొరకదు.

చిత్రకారుల సంగతి మాత్రం ఆ ప్రశ్నలో న్యాయం ఉన్న భాగం. ఈ నేల ఇచ్చిన ఆధునిక చిత్రకారుల వరస చిన్నదేమీ కాదు. బొంబాయిలో చదువుకుని వచ్చిన పి.టి. రెడ్డి (1915–1996), కొండపల్లి శేషగిరిరావు (1924–2012), సిద్దిపేటలో ఉండి బోనాలనూ బతుకమ్మనూ రంగుల్లో నిలబెట్టిన కాపు రాజయ్య (1925–2012), బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్న లక్ష్మాగౌడ్, వైకుంఠం. హైదరాబాద్ అంటే ప్రాణమిచ్చిన ఎం.ఎఫ్. హుస్సేన్, రామ్‌మనోహర్ లోహియా మాట మీద బద్రీవిశాల్ పిత్తీ ఇంట రామాయణ చిత్రాలు వేశాడు. తర్వాత ఇదే నగరంలో తన మ్యూజియం సినిమా ఘర్ కూడా కట్టుకున్నాడు. మాదాపూర్‌లో రాష్ట్ర కళా ప్రదర్శనశాల ఉంది, సాలార్‌జంగ్‌లో ఆధునిక చిత్రాల గది ఉంది. కానీ ఈ తరాలన్నింటినీ ఒక వరసలో, ఒకరి నుంచి మరొకరు ఏం తీసుకున్నారో అర్థమయ్యేలా, ఏడాది పొడవునా చూపే పూర్తిస్థాయి మ్యూజియం కావాలంటే మన విద్యార్థి బెంగళూరు, ముంబై, ఢిల్లీ వైపు చూడాల్సిందే. రాజమండ్రిలో 28 ఏళ్లైనా నిండకుండానే పోయిన దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఒక గ్యాలరీ నిలబడింది. పాతికేళ్లకు పైగా ప్రపంచ నగరం అనిపించుకుంటున్న హైదరాబాద్ అంతకంటే పెద్ద అడుగు వేయాలి.

ఆ అడుగు భవనంతో మొదలుకాకూడదు. మ్యూజియం అంటే ముందు నిల్వ గది. ఏ మ్యూజియమైనా తన దగ్గరున్న వాటిలో కొద్ది భాగాన్నే ఒకసారి గోడ మీదికి తెస్తుంది. మిగతాదంతా చీకట్లో, చల్లగా, నంబర్లతో భద్రంగా ఉండాలి. పెద్ద పెట్టెలు దింపే లారీ లోపలికి రావాలి, పది అడుగుల కాన్వాస్ పట్టే లిఫ్టు ఉండాలి, చిరిగిన కాగితాన్ని అతికే, పగిలిన రంగును నిలిపే నిపుణులు జీతం మీద ఉండాలి. దర్బార్ హాలు పక్కన వీటిలో ఏ ఒక్కదానికీ చోటు లేదు, కల్పించనూ కూడదు.

అందుకే మీ శాఖ ముందుంచుతున్న కోరికలు నాలుగు.

మొదటిది: రెసిడెన్సీని గృహ మ్యూజియంగా, అంటే తన కథ తానే చెప్పే ఇల్లుగా, విశ్వవిద్యాలయంతో కలిసి అధికారికంగా ప్రకటించండి. చదువులకు అడ్డు రాని సందర్శన వేళలు, దారి, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు తెలిసిన గైడ్లు ఏర్పాటు చేయండి. ఆ గైడ్లు అక్కడి విద్యార్థినులే అయితే మరీ మంచిది. ఒక్కసారి మరమ్మతు చేసి వదిలేయకుండా ఏటా వానల తర్వాత సున్నం పని, కప్పు తనిఖీ జరిగేలా విడిగా నిధి పెట్టండి. ప్రపంచ స్మారకాల నిధి 2002లోనే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చిన భవనమిది. అది మళ్లీ ఆ జాబితాకెక్కితే తప్పు ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

రెండోది: ఆధునిక కళ మ్యూజియానికి ముందు సేకరణ మొదలుపెట్టండి. చిత్రకారుల కుటుంబాల దగ్గర, ప్రభుత్వ కార్యాలయాల గోడల మీద, కళాశాలల గదుల్లో ఉన్న చిత్రాల జాబితా తయారు చేయించండి. కొనుగోళ్లకు నిపుణుల సంఘం వేయండి, దాని నిర్ణయాలు బయటపెట్టండి. నగరంలో ఏదైనా కొత్త ప్రభుత్వ భవనంలో ఒక అంతస్తు తీసుకుని నియంత్రిత నిల్వ గది నడపండి. భవనం నమూనాకు ఆ తర్వాత బహిరంగ పోటీ పెట్టండి. స్థలం ఎంచుకునేటప్పుడు 1908 సెప్టెంబరులో మూసీ ఎక్కడి దాకా వచ్చిందో ఆ పటం బల్ల మీద ఉంచుకోండి.

మూడోది: కొత్త భవనం వచ్చేలోగా పాత ఇళ్లలోకి కళను చుట్టపుచూపుగా రానివ్వండి. కొచ్చిలో 2012 డిసెంబరు 12న మొదలైన, రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన బినాలే, 1867 నాటి ఆస్పిన్‌వాల్ హౌస్‌లో కొన్ని నెలలు ఉండి వెళ్లిపోతుంది. కళాకారులు ఆ గోదాములు, ఆ కిటికీలు, ఆ సముద్రపు గాలి కోసమే కళాకృతులు తయారుచేస్తారు. రెసిడెన్సీ తోటలో, గోడకు మేకు దిగని పద్ధతిలో, చలికాలపు కొద్ది వారాలు అలాంటి ప్రదర్శన జరిగితే ఇంటికీ కళకూ రెండింటికీ గౌరవం. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి తొలి చిరునామా అయిన ఊరిది. పాత ఇంట్లో కొత్త పని ఎలా చేయాలో మనకు తెలియనిది కాదు.

నాలుగోది, చిన్నదే గానీ మిగతా మూడింటికీ ప్రాణం: వారసత్వ భవనం వాడకాన్ని మార్చే ఏ జీవో అయినా, దాని పూర్తి సంరక్షణ ప్రణాళికను తెలుగులో ప్రజల ముందుంచి, 60 రోజులు అభ్యంతరాలు విన్నాకే వెలువడాలన్న నిబంధన తీసుకురండి. 2017లో రాష్ట్రం చేసుకున్న వారసత్వ చట్టం ఉంది కాబట్టి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు, నియమాలు రాస్తే చాలు. ఆ ప్రణాళికలో ఎన్ని కిటికీలు మూస్తారో, ఏ గోడకు ఎన్ని రంధ్రాలు పడతాయో, ఏసీ గొట్టం ఏ కప్పు కింద నుంచి పోతుందో కొలతలతో సహా ఉండాలి. నిజాంకు చూపిన కార్డు సైజులో కాకుండా, పెద్ద కాగితం మీదే గీయించండి.

వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు మీ శాఖ నుంచి వెళ్లేలోగా ఈ నాలుగింటి మీద మీ అభిప్రాయం బహిరంగంగా తెలియజేస్తారని, రెసిడెన్సీ నిర్వహణకు, కళాసేకరణకు వేర్వేరు పద్దులు చూపిస్తారని కోరిక.

ఇట్లు,
హైదరాబాద్ పౌరులలో ఒకరు